పిల్లల ఫోన్‌కి ఏ లాక్ పెట్టాలి: ఫ్యామిలీ లింకా, స్క్రీన్ టైమా, రౌటరా? మరి నానమ్మ ఫోన్ సంగతేంటి?

మాది బెంగళూరు, మారతహళ్లి. నేనూ మా ఆయనా ఇద్దరం సాఫ్ట్‌వేర్, ఇద్దరికీ సాయంత్రం ఏడున్నర నుంచి అమెరికా కాల్స్, ఇంట్లో మా అత్తగారు, ఏడో క్లాస్ చదివే బాబు, ఒకటో క్లాస్ పాప. బాబు ఫోన్‌కి అన్నీ పెట్టేశాం, టైమ్ లిమిట్ ఉంది, కొత్త యాప్ కావాలంటే మమ్మల్ని అడగాలి, నెల రోజులు నిశ్చింతగా ఉన్నాం. ఒకరోజు కాల్ మధ్యలో మంచినీళ్ల కోసం బయటికొచ్చి చూస్తే పాప సోఫాలో దుప్పటి కప్పుకుని అత్తగారి ఫోన్ చూస్తోంది, బొమ్మల పెళ్లి వీడియో కావాలని మైక్ నొక్కి తెలుగులోనే అడిగిందంట, మొదటిది బొమ్మల వీడియోనే వచ్చింది, తర్వాత ఒకదాని వెనక ఒకటి వాటంతటవే ప్లే అయిపోతూ ఎవరో ఎవర్నో గొంతు కోసే సీన్ దాకా వెళ్లిపోయింది. అది ఏడవలేదు, అలా కళ్లార్పకుండా చూస్తూనే ఉంది. తర్వాత వారం రోజులు బాత్రూమ్‌కి కూడా ఒక్కతే వెళ్లలేదు.

ఆ తర్వాత రెండు నెలలు నేను పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూసినవే ఇక్కడ రాస్తున్నా. నాకు బాగా అర్థమైంది ఏంటంటే, ఏ యాప్ మంచిది అని మొదలుపెడితే దారి తప్పుతాం, మనింట్లో పిల్లల చేతికి నిజంగా వచ్చే స్క్రీన్ ఏది, ఆ టైమ్‌లో పక్కన ఎవరుంటారు, అది ముందు చూసుకోవాలి. ఒక కాగితం మీద రాయండి. మా ఇంట్లో రాస్తే బాబు ఫోన్, ఒక పాత ఐప్యాడ్, బాబు స్కూల్ పనికి వాడే ల్యాప్‌టాప్, టీవీ, అత్తగారి ఫోన్, మా ఇద్దరి ఫోన్లు, మొత్తం ఏడు తేలాయి, అందులో మేము లాక్ పెట్టింది ఒక్కదానికి.

ముందు పిల్లలకి సొంతంగా ఆండ్రాయిడ్ ఫోనో ట్యాబో ఉన్నవాళ్ల సంగతి. వేరే ఏం వెతక్కుండా గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టుకోండి, ఫ్రీ, అమ్మానాన్నల ఫోన్ ఐఫోన్ అయినా ఆండ్రాయిడ్ అయినా పనిచేస్తుంది. రోజుకి ఎంతసేపు, రాత్రి ఎన్నింటికి ఆగిపోవాలి, ఏ యాప్‌కి ఎన్ని నిమిషాలు, ప్లే స్టోర్ నుంచి ఏం దించుకోవాలన్నా మన ఫోన్‌కి రిక్వెస్ట్, క్రోమ్‌లో అశ్లీల సైట్లు ఆపడమో లేకపోతే మనం ఓకే చేసిన సైట్లే తెరవనివ్వడమో, ఫోన్ ఎక్కడుందో మ్యాప్‌లో, ఇవన్నీ వస్తాయి. లాక్ పడ్డాక కూడా కాల్ వస్తే పిల్లలు ఎత్తొచ్చు, ఔటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్‌లో స్కూల్ బస్ గంట లేటయ్యే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. అయితే పిల్లలు ఎవరితో ఏం మాట్లాడుతున్నారో, వాట్సాప్‌లో ఏం వస్తోందో ఇది చూపించదు, చూపించాలనీ నేను కోరుకోను. ఇంకో ముఖ్యమైన సంగతి, ఇది పనిచేసేది పిల్లల వయసు నిజంగా వేసి చేసిన అకౌంట్ మీద, చాలామంది ఏం చేస్తారంటే తొందరలో నాన్న జీమెయిల్‌తోనే ఫోన్ సెటప్ చేసి ఇచ్చేస్తారు, అప్పుడు ఆ ఫోన్ దృష్టిలో వాడుతున్నది నలభై ఏళ్ల మనిషి. కొంచెం ఓపిక చేసుకుని ఫోన్ రీసెట్ కొట్టి పిల్లల పేరు మీద మళ్లీ మొదలుపెట్టండి, ఒక ఆదివారం మధ్యాహ్నం పని. 13 నిండే టైమ్‌కి అకౌంట్ గురించి గూగుల్ నుంచి మీకూ పిల్లలకీ మెయిల్ వస్తుంది, అది చూసి వదిలెయ్యకుండా ఆ రోజు కూర్చుని ఇక ముందు ఎలా అని పిల్లలతో మాట్లాడుకోండి.

ఐఫోన్, ఐప్యాడ్ ఉన్న ఇళ్లల్లో స్క్రీన్ టైమ్ అని సెట్టింగ్స్‌లోనే ఉంటుంది, 2018 నుంచి ఉంది, విడిగా యాప్ అక్కర్లేదు. పనితనం విషయానికొస్తే ఫ్యామిలీ లింక్‌తో సమానమే, కొన్ని చోట్ల ఇంకా మెరుగు, ఉదాహరణకి బట్టల్లేని ఫోటో మెసేజ్‌లో వస్తే దాన్ని మసక చేసి పిల్లలకి హెచ్చరిక చూపించే ఏర్పాటు ఇందులో ఉంది. కానీ రెండు చోట్ల జనం బోల్తా పడతారు. ఒకటి, లిమిట్ పెట్టేటప్పుడు టైమ్ అయ్యాక బ్లాక్ చెయ్యి అనే బటన్ ఆన్ చెయ్యాలి, ప్లస్ ఫోన్ పాస్‌కోడ్ కాకుండా స్క్రీన్ టైమ్‌కి వేరే పాస్‌కోడ్ పెట్టాలి, ఇవి రెండూ లేకపోతే టైమ్ అయిపోయిందని స్క్రీన్ వస్తుంది, పిల్లలు ఇగ్నోర్ నొక్కి మళ్లీ ఆడుకుంటారు అంతే. రెండోది, మన చేతిలో ఆండ్రాయిడ్ ఉండి పిల్లలకి ఐప్యాడ్ ఉంటే ఆఫీస్‌లో కూర్చుని మన ఫోన్‌లోంచి ఏమీ మార్చలేం, ఇంటికొచ్చి ఐప్యాడ్‌లోనే మార్చాలి, ఎందుకంటే దూరం నుంచి మార్చాలంటే మన దగ్గరా యాపిల్ వస్తువే ఉండాలి. అందుకే మొదటి ఫోన్ ఏది కొనాలి అని ఎవరైనా అడిగితే నా సలహా, అమ్మానాన్నలది ఏ కంపెనీదో పిల్లలదీ అదే కొనండి, ఆండ్రాయిడ్ ఇంట్లో ఆండ్రాయిడ్, ఐఫోన్ ఇంట్లో అన్నదమ్ముల నుంచి వచ్చిన పాత ఐఫోన్ అయినా సరే. మామయ్య దుబాయ్ నుంచి ఐప్యాడ్ తెచ్చాడని కాదనలేక తీసుకున్నవాళ్లు దాన్ని హాల్లోనే వాడేదిగా ఉంచుకోండి.

రౌటర్ గురించి చాలామందికి పెద్ద ఆశలుంటాయి, నాకూ ఉండేవి, ఒక్కచోట ఆపేస్తే ఇల్లంతా ఆగిపోతుంది కదా అని. సగం నిజం. రౌటర్ సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్ (సైట్ పేరు కొడితే దాని అడ్రస్ వెతికిపెట్టే సేవ) అని ఒక గడి ఉంటుంది, అక్కడ క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల 1.1.1.3, రెండో గడిలో 1.0.0.3 వేస్తే అశ్లీల సైట్లూ వైరస్ సైట్లూ ఇంట్లో వైఫై మీద ఉన్న అన్నిటికీ, టీవీతో సహా ఆగుతాయి, 2020 నుంచి ఫ్రీగా ఇస్తున్నారు. ఇలాంటిదే యాడ్‌గార్డ్ వాళ్లది 94.140.14.15, ఓపెన్‌డీఎన్ఎస్ వాళ్లది 208.67.222.123, ఏదైనా ఒకటి చాలు. పెట్టడానికి పది నిమిషాలు, అందుకే అందరూ పెట్టుకోండి అంటా. కానీ ఇది సైట్‌ని మొత్తంగా ఆపుతుంది లేదా మొత్తంగా వదులుతుంది, యూట్యూబ్ లోపల ఏ వీడియో అన్నది దానికి తెలీదు, మా పాప చూసినది దీనివల్ల ఆగేది కాదు. పిల్లలు వైఫై తీసి సిమ్ డేటాకి వెళ్తే, పక్క ఫ్లాట్ అబ్బాయి హాట్‌స్పాట్ ఇస్తే, నెట్‌ని వేరే దారిలో మళ్లించే వీపీఎన్ యాప్ వేస్తే రౌటర్‌కి సంబంధమే లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో అయితే దీనికో మందుంది, నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ అనే చోట family.cloudflare-dns.com అని కొడితే సిమ్ డేటా మీద కూడా అదే ఫిల్టర్ నడుస్తుంది.

రౌటర్ యాప్‌లో ఫలానా ఫోన్‌కి రాత్రి పదికి నెట్ కట్ అని పెట్టుకునే సౌకర్యం కూడా ఉంటుంది, కొన్ని మోడళ్లలో ఫ్రీ, కొన్నిట్లో నెలకింత కట్టాలి. దాంట్లో చిక్కు ఏంటంటే ఇప్పుడొచ్చే ఫోన్లు వైఫైకి తమ అసలు గుర్తింపు నంబర్ (మ్యాక్ అడ్రస్ అంటారు, మన ఫోన్ నంబర్ కాదు) బదులు మారు నంబర్ చూపిస్తాయి, పిల్లలు ఆ సెట్టింగ్ అటూ ఇటూ మారిస్తే రౌటర్ అది కొత్త ఫోన్ అనుకుని నెట్ ఇచ్చేస్తుంది. అది పెట్టేముందు పిల్లల ఫోన్‌లో మన వైఫైకి ఆ మారు నంబర్ ఆపెయ్యాలి. ఇంకోటి, ఇంటర్నెట్ కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన అబ్బాయి రౌటర్ పాస్‌వర్డ్ మార్చకుండా వెళ్లిపోతాడు, అది బాక్స్ కింద స్టిక్కర్ మీద రాసే ఉంటుంది, ఏడో క్లాస్ పిల్లాడు బాక్స్ తిరగేసి చదవడానికి అర నిమిషం పట్టదు. ముందు అది మార్చండి.

ల్యాప్‌టాప్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. పిల్లలకి విండోస్‌లో విడిగా లాగిన్ చేసి, అడ్మిన్ హక్కులు ఇవ్వకుండా, మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీలో కలిపేస్తే సరిపోతుంది, వెబ్ ఫిల్టర్ ఎడ్జ్ బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది కాబట్టి మిగతా బ్రౌజర్లని అదే ఆపేస్తుంది, స్కూల్ వాళ్లు క్రోమే కావాలంటే మాత్రం తలనొప్పి, అప్పుడు ల్యాప్‌టాప్ డైనింగ్ టేబుల్ మీద పెట్టి చదివించుకోవడమే.

ఇప్పుడు యూట్యూబ్, నా లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది ఇదే, ఎందుకంటే మన పిల్లలు నెట్‌లో గడిపే టైమ్‌లో చాలా భాగం అక్కడే. రెండు దారులున్నాయి. యూట్యూబ్ కిడ్స్ అని విడి యాప్, అందులో 4 ఏళ్ల లోపు, 5 నుంచి 8, 9 నుంచి 12 అని వయసు మెట్లున్నాయి, ఇవి కాక నేను ఎంచిన వీడియోలే అనే నాలుగోది ఉంది. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి ఆ నాలుగోదే పెట్టండి అంటాను. కష్టమే, ఒక గంట కూర్చుని ఛానెళ్లు ఏరాలి, తెలుగు కథల ఛానెళ్లు కొన్ని, పద్యాలు కొన్ని, జంతువుల వీడియోలు, క్రాఫ్ట్ వీడియోలు, నేను మొదట ముప్పై దాకా ఏరా, ఇప్పుడు పాప అడిగినప్పుడల్లా ముందు నేను చూసి కలుపుతున్నా. మిగతా మెట్లలో ఏరేది చాలావరకు మిషనే, మనిషి కూర్చుని ప్రతి వీడియో చూడరు, అందులోనూ పైకి బొమ్మలు కనిపించి లోపల అత్తాకోడళ్లు తన్నుకునే తెలుగు యానిమేషన్ కథలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. వాటిని ఏ ఫిల్టర్ అశ్లీలం అనదు, కానీ ఆరేళ్ల పాప నానమ్మతో ఆ భాషలో మాట్లాడటం మొదలుపెడితే అప్పుడు తెలుస్తుంది.

తొమ్మిది పదేళ్లు దాటిన పిల్లలు యూట్యూబ్ కిడ్స్ ముట్టుకోరు, చిన్నపిల్లల యాప్ అని సిగ్గుపడతారు, స్నేహితులు ఏడిపిస్తారు. వాళ్లకి అసలు యూట్యూబ్‌లోనే అమ్మానాన్నల పర్యవేక్షణలో నడిచే అకౌంట్ ఇవ్వొచ్చు, ఫ్యామిలీ లింక్ నుంచే పెట్టుకోవచ్చు, అందులో 9 దాటినవాళ్లకి ఒక మెట్టు, 13 దాటినవాళ్లకి ఇంకోటి, ఆపైన దాదాపు అంతా చూపించే మెట్టు. మా బాబుకి పన్నెండు, మేము మొదటి మెట్టులోనే ఉంచాం, వాడు లెక్కల వీడియోలు కొన్ని రావట్లేదని గొడవ చేస్తాడు, నిజంగానే కొన్ని రావు, అప్పుడు నా ల్యాప్‌టాప్‌లో నా పక్కన కూర్చుని చూస్తాడు. ఏ మెట్టు పెట్టినా ఆటోప్లే మాత్రం ఆపండి.

ఇక అసలు కథ, నానమ్మ ఫోన్. మన ఇళ్లల్లో ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మో తాతయ్యో సాయంత్రం పూట పిల్లల్ని చూస్తారు, వాళ్ల ఫోన్‌కి లాక్ ఉండదు, ఉన్నా పిల్లలకే ముందు తెలుస్తుంది. అత్తగారి ఫోన్‌లో ఫ్యామిలీ లింక్ పెట్టలేం, అది ఆవిడ ఫోన్, ఆవిడ ప్రవచనాలు, ఆవిడ సీరియళ్లు, ఊళ్లో అక్కచెల్లెళ్లతో వీడియో కాల్స్. పిల్లకి ఫోన్ ఇవ్వకండి అని నేను గట్టిగా చెప్తే ఆవిడ మనసు కష్టపెట్టుకుంటారు, మోకాళ్ల నొప్పులతో ఆరేళ్ల పిల్ల వెనక పరిగెత్తలేక ఇస్తున్నారు, అందులో ఆవిడ తప్పు లేదు. మాకు పనికొచ్చింది ఆండ్రాయిడ్‌లో ఉండే యాప్ పిన్నింగ్, సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో ఉంటుంది, ఒక యాప్ తెరిచి దాన్ని పిన్ చేస్తే ఫోన్ ఆ యాప్‌లోనే ఉండిపోతుంది, బయటికి రావాలంటే ఫోన్ పిన్ అడిగేలా పెట్టుకోవాలి. యూట్యూబ్ కిడ్స్ తెరవడం, పిన్ చేయడం, పాపకివ్వడం, మూడే పనులు. అత్తగారికి తెలుగులో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఫోన్ కవర్ వెనక పెట్టా, రెండు రోజులు పక్కన ఉండి చేయించా, మూడో రోజు నుంచి ఆవిడే చేస్తున్నారు. శాంసంగ్ ఫోన్ అయితే ఇంకా తేలిక, శాంసంగ్ కిడ్స్ అని అందులోనే ఉంటుంది, నొక్కితే పిల్లల లోకం తెరుచుకుంటుంది, బయటికి రావడానికి పిన్. ఐఫోన్, ఐప్యాడ్‌లో ఇదే పని గైడెడ్ యాక్సెస్ చేస్తుంది. ఒక్క రూపాయి ఖర్చు లేదు, నాకు తెలిసినంతలో చిన్న పిల్లలున్న ఇంటికి ఇంతకన్నా ఉపయోగపడే సెట్టింగ్ లేదు, అయినా దీని గురించి చెప్పేవాళ్లే తక్కువ. ఒక జాగ్రత్త, అత్తగారి పిన్ పాపకి తెలియకుండా మార్చుకోవాలి, మా ఇంట్లో అది మా ఆయన పుట్టిన సంవత్సరం, అందరికీ తెలుసు, అదీ మార్చాం.

టీవీది త్వరగా చెప్పేస్తా. గూగుల్ టీవీ అయితే పిల్లలకి ప్రొఫైల్ చేసి పిన్ పెట్టొచ్చు, ఓటీటీల్లో చాలావాటిలో పిల్లల ప్రొఫైల్ ఉంటుంది, 2021లో వచ్చిన ఐటీ రూల్స్ ప్రకారం 13 ప్లస్ నుంచి పైన ఉన్నవాటికి పేరెంటల్ లాక్ సౌకర్యం ఇవ్వడం వాళ్ల బాధ్యత. అయితే పెద్దవాళ్ల ప్రొఫైల్‌కి పిన్ పెట్టకుండా పిల్లల ప్రొఫైల్ చేసి ఏం లాభం, పక్క బొమ్మ నొక్కితే నాన్న ప్రొఫైల్. లాక్ వెయ్యాల్సింది మనదానికి.

డబ్బు కట్టే యాప్‌ల గురించి కూడా అడుగుతుంటారు, క్వస్టోడియో, నార్టన్ ఫ్యామిలీ లాంటివి. ఇంట్లో ఒక ఐఫోన్, ఒక ఆండ్రాయిడ్, ఒక విండోస్ ఇలా కలగాపులగంగా ఉండి అన్నీ ఒకే చోట చూసుకోవాలంటే వాటికి అర్థముంది, నార్టన్ ఫ్యామిలీ మ్యాక్‌లో పనిచేయదని గుర్తుంచుకోండి, క్వస్టోడియో ఒక ఫోన్‌కి ఫ్రీగా ఇస్తుంది కాబట్టి కట్టేముందు అది చూసుకోవచ్చు. ఒకే రకం ఫోన్లున్న ఇంటికి ఏడాదికి వేలు పోయడం నాకైతే దండగ అనిపించింది. పిల్లలకి తెలియకుండా వాళ్ల మెసేజ్‌లు మొత్తం చదివే గూఢచారి యాప్‌ల జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి. అవి పిల్లల ఫోటోలూ మాటలూ ఎక్కడో ఎవరి సర్వర్‌లోనో పోగేస్తాయి, ఎంస్పై అనే అలాంటి కంపెనీ కస్టమర్ల డేటా 2024లో లక్షల్లో బయటపడింది. పైగా పిల్లలకి తెలిసిన రోజు మనతో చెప్పాల్సిన మాట కూడా ఇంకెవరితోనో చెప్పుకుంటారు. మేం ఫ్యామిలీ లింక్ పెట్టేటప్పుడు బాబుని పక్కన కూర్చోబెట్టుకునే పెట్టాం, ఏం కనిపిస్తుందో ఏం కనిపించదో వాడికీ చూపించాం, శనివారం అరగంట ఎక్కువ కావాలన్నాడు, ఒప్పుకున్నాం.

గేమ్‌ల దగ్గర రెండు ప్రమాదాలు, డబ్బు, పరిచయం లేని మనుషులు. డబ్బు సంగతి మాకు అనుభవమే, మా ఆయన ఫోన్‌లో బాబు ఏదో గేమ్ ఆడుతూ ఎనభై, నూట అరవై ఇలా చిన్న చిన్న మొత్తాలే కొని నెలలో ఆరు వేలు దాటించాడు, మెసేజ్‌లు వచ్చాయి, ఆఫీస్ హడావిడిలో చూసుకోలేదు. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి, పిల్లల అకౌంట్‌లో అయితే కొనేముందు మన అనుమతి అడిగేలా, ఐఫోన్‌లో దీన్ని ఆస్క్ టు బై అంటారు. ఇది ప్లే స్టోర్ దారిలో వెళ్లే డబ్బుకే, వేరే సైట్‌లో యూపీఐతో కడితే ఇది ఆపదు, కాబట్టి యూపీఐ పిన్ పిల్లల ముందు కొట్టకండి. మనుషుల సంగతికొస్తే, గేమ్ ఇచ్చేముందు దాంట్లో చాట్, వాయిస్ ఉన్నాయా, ఆపగలమా అని చూడండి, రోబ్లాక్స్‌లో అమ్మానాన్నల అకౌంట్ కలుపుకుని చాట్ కట్టడి చెయ్యొచ్చు.

ఇన్‌స్టాగ్రామ్ 13 నిండితేనే, వాట్సాప్‌లో సొంతంగా అకౌంట్ కూడా అంతే, ఆ కంపెనీల రూల్ అది. మన దేశంలో 2023లో చేసిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాత్రం 18 లోపు వాళ్లందర్నీ పిల్లలనే అంటుంది, నేను ఆ లెక్కనే పట్టుకుంటా. ఇన్‌స్టాలో 13 నుంచి 17 వాళ్లకి టీన్ అకౌంట్ అని 2025 మొదట్లో మన దేశంలోనూ తెచ్చారు, అకౌంట్ ప్రైవేట్‌గా ఉంటుంది, పరిచయం లేనివాళ్లు మెసేజ్ చేయలేరు, రాత్రి పది నుంచి ఏడు దాకా నోటిఫికేషన్లు ఆగుతాయి, 16 లోపు వాళ్లు వీటిని సడలించాలంటే అమ్మానాన్నల అనుమతి కావాలి. ఇవన్నీ పుట్టిన తేదీ నిజం వేస్తేనే.

మొత్తం మీద ఎవరికి ఏది అంటే, ఆరేడేళ్ల లోపు పిల్లలకి సొంత ఫోన్ లేని ఇంట్లో యాప్ పిన్నింగ్, ఏరిన వీడియోల యూట్యూబ్ కిడ్స్, రౌటర్ డీఎన్ఎస్, ఈ మూడూ చాలు. ట్యాబ్ ఇచ్చారంటే దానికి ఫ్యామిలీ లింకో స్క్రీన్ టైమో కలపండి. పది దాటి సొంత ఫోన్ వచ్చాక రౌటర్ మీద ఆధారపడకండి, లాక్ ఫోన్‌లోనే ఉండాలి, సిమ్ డేటా ఎంత తక్కువ ప్యాక్ వేస్తే అంత మంచిది. పదిహేను దాటిన పిల్లలకి యాప్‌కి నిమిషాలు లెక్కపెట్టడం మానేసి రాత్రి ఫోన్ హాల్లో ఛార్జింగ్ పెట్టాలన్న ఒక్క రూల్ నిలబెట్టుకుంటే చాలనిపిస్తోంది, మా అక్క వాళ్లింట్లో అదే నడుస్తోంది, అమ్మానాన్నల ఫోన్లూ అక్కడే పెడతారు.

ఇన్ని పెట్టినా ఏదో ఒకరోజు ఏదో ఒకటి జరుగుతుంది. 1098 పిల్లల హెల్ప్‌లైన్, 1930 సైబర్ మోసాల్లో పోయిన డబ్బుకి, సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో ఫిర్యాదు రాయొచ్చు, పిల్లల అశ్లీల ఫోటోలు, వీడియోల మీద అయితే పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు. బెంగళూరులో ఈ కేసులు చూసే సైబర్ క్రైమ్ (సీఈఎన్) పోలీస్ స్టేషన్లు విడిగా ఉన్నాయి. పిల్లల నగ్న ఫోటో ఎవరి చేతికైనా చిక్కిందని భయమైతే టేక్ ఇట్ డౌన్ అని ఒక ఉచిత సేవ ఉంది, ఫోటో ఎవరికీ పంపక్కర్లేదు, మన ఫోన్‌లోనే దానికొక డిజిటల్ గుర్తు తయారై ఆ గుర్తు మాత్రమే వెళ్తుంది, దాంట్లో చేరిన కంపెనీలు ఆ గుర్తుతో ఫోటో కనిపెట్టి తీసేస్తాయి.

పోయిన నెలలో బాబు మొహం వేలాడేసుకుని వచ్చి, గేమ్‌లో ఎవరో అన్నయ్య రోజూ ఆడతాడు, ఇవాళ చొక్కా లేకుండా ఫోటో పంపమన్నాడు, నేను పంపలేదమ్మా, నా ఫోన్ తీసేసుకుంటావా అని అడిగాడు. వాడికి అన్నిటికన్నా ఎక్కువ భయం అదే, వారం నుంచి ఆ భయంతోనే చెప్పకుండా ఉన్నాడంట. ఇద్దరం కూర్చుని ముందు స్క్రీన్‌షాట్లు తీశాం, బ్లాక్ చేస్తే చాట్ పోతుందేమో అని తీశాకే రిపోర్ట్ కొట్టి బ్లాక్ చేశాం, ఆ గేమ్‌లో చాట్ ఆపేశాం, రాత్రి వాళ్ల నాన్న ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టారు. ఫోన్ మాత్రం తీసుకోలేదు, ఆ రోజు కూడా తొమ్మిదింటి దాకా వాడి టైమ్ వాడికే ఉంచా.